వానలకు ముందే పెంకుటింటి మరమ్మతు

కుప్ప నూర్చి ధాన్యము ఇల్లు చేర్చిన రైతు నిశ్చింతగా ఉండును. ఆ ధాన్యముపై నున్న కప్పు సంగతి వాన కురియు వరకు తలంపునకు రాదు. నిలవ చేయు ధాన్యములో తేమ 14 శాతమునకు మించరాదు. పెంకు ఒక్కటి పగిలినను దాని క్రింది విత్తనపు బస్తా తడిసి మొలకశక్తి కోల్పోవును, వాసము పుచ్చును. కావున ఇంటికప్పు సంరక్షణ కూడ వ్యవసాయపు పనులలో ఒకటియే.

గూనపెంకులు

ఇవి కుమ్మరి సారెపై గొట్టముగ చేసి రెండుగ చీల్చినవి. వెల్లకిల ఒక వరుస, దానిపై బోరగిల ఒక వరుస పేర్చుదురు. నీరు పారునది వెల్లకిల వరుసలోనే. వేపాకు, కొబ్బరి చెత్త అందు నిండినచో నీరు ప్రక్కకు పొర్లి ఇంటిలోనికి దిగును. కోతులు, పిల్లులు పెంకులను కదపును. కాన ఏటేట విప్పి, దులిపి, తిరిగి నేయించవలెను. చూరు నుండి కొప్పు వైపునకు నేయుచు, పై పెంకు క్రింది పెంకుపై మూడు అంగుళములకు తగ్గకుండ ఎక్కునట్లు చూడవలెను.

బెంగుళూరు పెంకులు

వాడుకలో పేరు బెంగుళూరిది. కాని బాసెల్ మిషన్ వారు 1865లో వీని కర్మాగారమును స్థాపించినది మంగుళూరులో. ఇవి ఒకదాని గాడిలో ఒకటి కూర్చుండును. గాడిలో మట్టి చేరినచో నీరు వెనుకకు ఎక్కును. ఆ మట్టిని పుల్లతో తీయవలెను. గాడిని సిమెంటుతో పూడ్చరాదు. కొప్పు పెంకుల క్రింది సున్నము బీటలు వారినచో తీసివేసి క్రొత్తది పెట్టించవలెను.

శుభ్రపరచు విధము

పాచి ఎండిన పిమ్మట కొబ్బరిపీచుతో రుద్ది, కొప్పు నుండి చూరు వైపునకు నీరు పోయవలెను. ఇనుప కుంచె, ఆమ్లము వాడరాదు. పై పొర పోయిన పెంకు నీరు పీల్చును. దింపిన ప్రతి పెంకును వ్రేలి కణుపుతో కొట్టి చూడుడు. ఖంగుమన్నది మంచిది, బొదబొదలాడినది పగిలినది.

బందరు, దివిసీమలలో ఉప్పుగాలికి మామూలు ఇనుపతీగ త్వరలో తుప్పు పట్టును. చూరు వరుసను, అంచు వరుసలను రాగితీగతో గాని జింకుపూత తీగతో గాని బద్దెలకు కట్టించవలెను. గాలి మొదట లేపునది ఆ వరుసలనే. గుడివాడ వైపు నల్లనేలలు ఎండకు బీటలు వారి, వానకు ఉబ్బును. గోడ కదలిన చోట బద్దెలు వంగి పెంకుల నడుమ సందులు ఏర్పడును. అచ్చట ముందు బద్దెను సరిచేయవలెను.

తడి కప్పు ఎక్కరాదు. పెంకుపై కాలు మోపక, వాసములపై పలక వేసి నడువవలెను. క్రింద ఒక మనిషి తప్పక ఉండవలెను.

రోహిణి కార్తె ముగియులోగా మరమ్మతు, హస్తలో పొడి దినము చూచి మరల ఒక తనిఖీ చేయించుడు. మన తీరమునకు పెద్ద గండము కార్తిక మాసపు గాలివానలే. 1864 నవంబరు 1న బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. రెండవ దానిలో పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. బాగుగ నేసిన కప్పు మామూలు గాలికి నిలుచును గాని ఉప్పెనకు నిలువదు. హెచ్చరిక వచ్చిన పిమ్మట పెంకు సర్దుటకు ఎవ్వరును పైకి ఎక్కరాదు. పిల్లాపాపలతో తుఫాను రక్షిత భవనమునకు పోవలెను. గ్రామాధికారులు ఈ మాట ముందుగనే ఇంటింటికి చెప్పవలెను.

ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వుట మనకు వలదు. నేడే నిచ్చెన వేసి కప్పు చూచుకొనుడు.