వెనక్కి తొక్కితే ఆగే సైకిలు

గ్యారేజ్ సేల్‌లో 40 డాలర్లు పెట్టి తుప్పు సైకిల్ కొన్నానని చెప్పగానే మా రూమ్మేట్ అడిగిన ప్రశ్న ఒక్కటే: "పాత ఇనప సామాన్లవాడు మనకి డబ్బులివ్వాలి కదరా, నువ్వెందుకిచ్చావ్?"

వాడి తప్పేం లేదు. సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. టైర్లు అప్పడాల్లా విరుగుతున్నాయి. చైను కర్రలా బిగుసుకుపోయింది. కానీ ఆ ఆకారం చూశాక వదల్లేకపోయాను. అరటిపండులా పొడవాటి సీటు, కొమ్ముల్లా పైకి లేచిన హ్యాండిల్, బుజ్జి చక్రాలు. చిన్న పిల్లాడు పెద్ద బైకు నడుపుతున్నట్టు ఫోజు కొట్టడానికే పుట్టిన సైకిల్ అది. ఇక్కడ వీటిని 'మజిల్ బైక్స్' అంటారు.

నేనుండేది షికాగో శివార్లలో. ఇది ష్విన్ కంపెనీ వాళ్ల స్టింగ్‌రే. అంటే పుట్టింది కూడా ఈ ఊళ్లోనే!

పిల్లలు కనిపెట్టిన డిజైన్

1960ల మొదట్లో కాలిఫోర్నియా పిల్లలు తమ 20 అంగుళాల సైకిళ్లకి పొడవాటి సీట్లు, ఎత్తు హ్యాండిళ్లు తగిలించుకుని తిరిగేవాళ్లు. ఆ సంగతి ష్విన్‌లో పనిచేసే ఆల్ ఫ్రిట్జ్ చెవిన పడింది. అదే పద్ధతిలో ఆయన తయారుచేయించిన స్టింగ్‌రే 1963లో 49.95 డాలర్ల ధరతో మార్కెట్లోకొచ్చింది. మొదట్లో డీలర్లు నవ్వినా పిల్లలు మాత్రం ఎగబడ్డారు. తర్వాత అదే కాలిఫోర్నియాలో పిల్లలు ఈ సైకిళ్లతో మట్టిలో మోటార్‌సైకిల్ రేసుల్ని అనుకరించారు. మనం ఇప్పుడు బీఎమ్‌ఎక్స్ అంటున్న ఆట అలా మొదలైంది.

నా బండి వయసెంతో వెనక చక్రం బిగించే చోట, ఎడమవైపున దొరికింది. గుడ్డతో తుడిస్తే సీరియల్ నంబరు కనిపించింది. మొదటి రెండు అక్షరాలు జి, డి. 1965 నుంచి ష్విన్ నంబర్లలో మొదటి అక్షరం నెల, రెండోది ఏడాది. జి అంటే జూలై, డి అంటే 1968. మా నాన్నకంటే నాలుగేళ్లే చిన్నది!

ఫోన్ చేయడానికి నాలుగు రోజులు

ఇక్కడో నిజం చెప్పాలి. మా నాన్న తెనాలిలో ముప్పై ఏళ్లు సైకిల్ షాపు నడిపారు. నన్ను మాత్రం పానా ముట్టుకోనిచ్చేవారు కాదు. "చేతులు నల్లబడితే నోటుబుక్కు పాడవుద్ది, పో" అనేవారు. నేనూ సంతోషంగానే పోయేవాణ్ణి. స్కూల్ ఫారంలో తండ్రి వృత్తి దగ్గర 'వ్యాపారం' అని రాసేవాణ్ణి. ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కూడా అదే రాశాను. ఆ ఫారం మీద సంతకం పెడుతూ నాన్న చదివారు. ఏమీ అనలేదు.

నేను అమెరికా వచ్చిన ఏడాదే షాపు మూసేశారు. అందుకే ఆయనకి ఫోన్ చేసి సైకిల్ గురించి అడగడానికి మొహం చెల్లలేదు. నాలుగు రోజులు వీడియోలు చూసి, ఐదో రోజు పెడల్ ఊడక, చేతులెత్తేసి వీడియో కాల్ చేశాను.

"ఎడంవైపుదా? దానికి మర తిరకాసు రా. వెనకవైపుకి తిప్పు" అన్నారు ఒక్క చూపులో. కిర్రుమంటూ ఊడొచ్చింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి, అక్కడ సాయంత్రం ఆరున్నరకి, మా క్లాసు.

ఓవరాయిలింగ్

నాన్న భాషలో దీని పేరు ఓవరాయిలింగ్. మొత్తం విప్పడం, కడగడం, అరిగినవి మార్చడం, గ్రీజు పెట్టి మళ్లీ బిగించడం. విప్పే ముందు ప్రతి భాగాన్నీ ఫొటో తియ్యమన్నారు. "మాకు బుర్రలో ఉండేది, నీకు ఫోన్లో ఉండనీ" అని నవ్వారు.

క్రోమ్ మీది తుప్పుకి ఖరీదైన మందులేమీ వాడలేదు. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్‌ని ఉండ చేసి నీళ్లలో ముంచి రుద్దాను. క్రోమ్ కంటే అల్యూమినియం మెత్తన. అందుకే పెద్దగా గీతలు పడకుండా తుప్పు వదిలింది. రెండు సాయంత్రాల్లో హ్యాండిల్లో నా మొహం కనిపించింది.

టైర్ల దగ్గర బోల్తాపడ్డాను. ముందు చక్రానికి 20 x 1.75 టైరు తెప్పించాను. ఎంత లాగినా ఎక్కదు. పాత టైరు మీద రాసింది 20 x 1¾. లెక్కల్లో రెండూ ఒకటే, సైకిళ్లలో కాదు. మొదటిది కూర్చునే రిమ్ము 406 మిల్లీమీటర్లు, రెండోది 419. తేడా 13 మిల్లీమీటర్లు, నాకు దండగ 18 డాలర్లు.

నాన్నకి బాగా నచ్చింది వెనక హబ్. ఈ సైకిల్‌కి చేతి బ్రేకు లేదు. పెడల్ వెనక్కి తొక్కితే హబ్ లోపలే బ్రేకు పడుతుంది. "వెనక్కి తొక్కితే ఆగుద్దా? విప్పు, విప్పు, చూద్దాం" అని కుర్చీ ముందుకి జరుపుకున్నారు. లోపల గ్రీజు మైనంలా గడ్డకట్టింది. కడిగి బిగించి, ఆత్రంగా రోడ్డెక్కాను. వెనక్కి తొక్కితే ఆగలేదు! పక్కింటి పొదలో తేలాను. హబ్ నుంచి వచ్చే చిన్న ఇనప పట్టీని ఫ్రేముకి బిగించడం మర్చిపోయాను. అది కదలకుండా ఉంటేనే బ్రేకుకి పట్టు దొరుకుతుంది. మోచెయ్యి గీరుకుపోయింది. అది చూపిస్తే "బండికేం కాలేదుగా?" అన్నారు నాన్న.

రంగు వేయాలా, వద్దా?

ఊదా రంగు చాలాచోట్ల లేచిపోయింది. కొత్త రంగేయించి ధగధగలాడించాలని నా ప్లాన్. రీల్‌కి కూడా బాగుంటుంది కదా! కానీ ఈ రంగు మామూలుది కాదు. అడుగున వెండి పూత, పైన గాజులాంటి పల్చని రంగు. సరిగ్గా అదే ఛాయ మళ్లీ రావడం కష్టం. దానికితోడు చైను కవరు మీద ఎవరో మేకుతో 'ఆర్' అని గీశారు.

నాన్నకి చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "మన దగ్గర చైను కవరు మీద పేర్లు రాయించుకునేవాళ్లు, గుర్తుందా? రైతులు, మేస్టార్లు, పాలవాళ్లు. ఎన్ని బళ్లు ఓవరాయిలింగ్ చేసినా ఆ పేరు మాత్రం చెరిపేవాణ్ణి కాదు. బండి నడవడం మన పని. ఎవరిదో చెప్పడం దాని పని."

రంగు వేయలేదు. తుడిచి, మైనం పూసి వదిలేశాను.

మీరూ మొదలుపెడతారా?

మజిల్ బైకే అక్కర్లేదు. మీ తాతయ్య హెర్క్యులస్ అయినా, అటక మీది చిన్నప్పటి సైకిలైనా సరే. ముందు ఫ్రేముకి పగులుందేమో చూడండి, ఉంటే నడపకండి. బిగుసుకున్న బోల్టుల్ని బలంతో కాదు, తుప్పు వదిలించే నూనె వేసి, రాత్రంతా వదిలేసి గెలవండి. టైరు, చైను, బ్రేకుల దగ్గర పిసినారితనం వద్దు. ముందు నడిచేలా చేయండి, అందం సంగతి తర్వాత. ముఖ్యంగా, మీ వీధి చివర సైకిల్ షాపు పెద్దాయన ఇంకా ఉంటే ఆయన దగ్గరికెళ్లి కూర్చోండి. ఆయనకి తెలిసింది ఏ వీడియోలోనూ ఉండదు.

మూడు నెలలయ్యాక, సైకిల్ అమ్మిన పెద్దావిడ ఇంటికి దాన్ని తొక్కుకుంటూ వెళ్లాను. ఆవిడ చైను కవరు మీది అక్షరం మీద వేలు పెట్టి, "ఇది గీసినందుకు మా అన్నయ్యకి ఆ రాత్రి అన్నం పెట్టలేదు" అన్నారు. తర్వాత చక్రం తిప్పి చూసి, ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు.

"మా నాన్న సైకిల్ మెకానిక్ అండీ" అన్నాను.

ముప్పై రెండేళ్లలో ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి.