వదిలేసిన క్యాచ్

పోయిన ఎపిసోడ్‌లో ఆదివారం క్రికెట్ సంగతి వచ్చినప్పుడు "అక్కడ ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలా తెలుస్తది" అని ఒక మాట అనేసి ముందుకెళ్ళిపోయాను. ఏం తెలుస్తుందో ఇక్కడ రాస్తున్నా. నేను ఆటలో మొనగాణ్ణి కాదు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి షార్జా వచ్చి, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నవాణ్ణి. అందుకని నా కన్ను ముందు నేల మీదికి, తర్వాత మనుషుల చేతుల మీదికి పోతుంది.

షార్జా అనగానే మనకు స్టేడియం గుర్తొస్తుంది. 1998 ఏప్రిల్ 22న ఇసుక గాలి లేచిన ఆ మ్యాచ్‌లో సచిన్ 143 కొడుతుంటే జగిత్యాలలో పక్కింటి టీవీ ముందు కూర్చుని చూసినవాళ్ళలో నేనూ ఉన్నా. కానీ మనవాళ్ళు ఆడే ఆట వేరే చోట. గోదాములు దాటిపోతే ఖాళీ ఇసుక నేల, మధ్యలో ఒక సిమెంటు పట్టీ, దాని మీద ఆకుపచ్చ మ్యాట్. చెట్టు నీడ ఉండదు. కారు నీడే గ్యాలరీ.

ముందు ఆ పట్టీ సంగతి. పొడవు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. గడ్డి లేని పిచ్ అయితే వెడల్పు 1.83 మీటర్లకు తగ్గకూడదని క్రికెట్ నియమం. దాన్ని కట్టే పద్ధతి మన ఫుట్‌పాత్ పనే: నేల తడిపి, రోలర్ తిప్పి గట్టిచేసి, కాంక్రీటు పోసి, లెవెల్ చూడాలి. కింద మట్టి సరిగా దిగకపోతే కొన్నాళ్ళకు స్లాబ్ పగులుతుంది. ఆ పగులు మీద పడ్డ బంతి ఎటు పోతుందో బౌలర్‌కే తెలియదు. మ్యాచ్‌కు ముందు ఇద్దరు మ్యాట్‌ను గట్టిగా లాగి అంచులు బిగిస్తారు. అది ఊరికే చేసే పని కాదు. మ్యాట్ వదులైతే బంతి ఒకసారి ఆగి వస్తుంది, ఒకసారి జారి వస్తుంది.

సిమెంటులో తడి ఉండదు, గడ్డి ఉండదు. అందుకే మొదటి ఓవర్‌లో ఎంత ఎత్తు లేస్తుందో చివరి ఓవర్‌లోనూ దాదాపు అంతే. బంతి నడుము దాటి వస్తుంది కాబట్టి కట్, పుల్ బాగా ఆడేవాడికి పండగ. మ్యాట్ పట్టు ఇస్తుంది కాబట్టి స్పిన్నర్‌కూ పని దొరుకుతుంది. ఇక అవుట్‌ఫీల్డ్ అంతా ఇసుక. నేల మీద కొట్టిన బంతి సగంలోనే చతికిలబడుతుంది. అందుకే అందరూ గాల్లోకి లేపుతారు. గాల్లోకి లేపితే క్యాచ్‌లు లేస్తాయి. నేను చెప్పాలనుకున్నది అక్కడే ఉంది.

మొన్నటి ఆదివారం ఇరవై ఓవర్ల మ్యాచ్. అంపైర్లు బ్యాటింగ్ జట్టువాళ్ళే, కాబట్టి ఎల్బీడబ్ల్యూ అడగడం గొంతు నొప్పికే. పదిహేనో ఓవర్‌లో ఒక బంతి నిట్టనిలువుగా లేచింది. లాంగాన్‌లో ఉన్న కుర్రాడు సరిగ్గా దాని కిందికి వచ్చాడు. చేతులు పైకెత్తాడు. చివరి క్షణంలో వెనక్కి లాగేసుకున్నాడు. బంతి దబ్బున ఇసుకలో పడింది. కెప్టెన్ నోటికొచ్చినట్టు తిట్టాడు. బతికిపోయిన బ్యాట్స్‌మన్ ఆ తర్వాత మూడు సిక్సులు కొట్టాడు. మ్యాచ్ పోయింది.

ఎండ కంట్లో పడిందేమో అనుకున్నారు అందరూ. సూర్యుడు వాడి వీపు వెనక ఉన్నాడు. నేను చూశాను.

తర్వాత కరక్ చాయ్ తాగుతూ పక్కన కూర్చోబెట్టుకుని అడిగా. "అన్నా, నేను స్టీల్ ఫిక్సర్‌ను. వచ్చి నాలుగు నెలలే అయితాంది. వేలు ఇరిగితే బైండింగ్ వైర్ ఎట్ల కడత? జీతం పోతే ఇంటికి ఏం పంపుత?" అన్నాడు.

"మరి ఆడుడు ఎందుకురా?" అన్నా.

"వారానికి గదొక్కటే కదన్నా ఉన్నది."

వాడి లెక్క తప్పు కాదు. సాయంత్రాలు క్యాంపులో ఆడేది టేప్ చుట్టిన టెన్నిస్ బంతితో. టెన్నిస్ బంతి 56 నుంచి 59.4 గ్రాములు. క్లబ్ మ్యాచ్‌లో వాడే లెదర్ బంతి 155.9 నుంచి 163 గ్రాములు. దాదాపు మూడింతలు. అలవాటు లేని చేతికి అది రాయే.

ఇక్కడి చట్టం కూడా తెలుసుకోండి. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. కానీ ఆ కాలంలో సిక్ లీవ్‌కు జీతం రాదు. ప్రొబేషన్ దాటాక ఏడాదికి 90 రోజుల దాకా ఉంటుంది: మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం, మిగతా 45 రోజులకు ఏమీ లేదు. డ్యూటీలో దెబ్బ తగిలితే లెక్క వేరు, వైద్యం ఖర్చు కంపెనీదే, ఆరు నెలల దాకా పూర్తి జీతం ఇవ్వాలి. సెలవు రోజు క్రికెట్‌లో తగిలిన దెబ్బ అందులోకి రాదు.

అందుకే చాలామంది దాచిపెడతారు. నేనూ దాచాను. అప్పట్లో మా సెలవు శుక్రవారం. హెల్పర్‌గా ఉన్న రోజుల్లో ఒక క్యాచ్ పట్టబోయి కుడిచేతి చిటికెన వేలు వాచిపోయింది. శనివారం గ్లవ్ తొడుక్కుని డ్యూటీకి పోయా. షట్టరింగ్ ప్లైవుడ్ ఒక చివర నేను పట్టుకున్నా, ఇంకో చివర వేరే అతను. నా పట్టు జారింది. ఆ షీట్ అతని పాదానికి జానెడు దూరంలో పడింది. "చెమటకు జారింది" అని అబద్ధం చెప్పా. ఆ వేలు ఇప్పటికీ వంకరే. నిజం ఇప్పుడే మొదటిసారి చెప్తున్నా.

అందుకే మా సైట్‌లో సోమవారం టూల్‌బాక్స్ టాక్‌లో అందరినీ గ్లవ్స్ తీసి చేతులు చూపించమంటా. వాచిన వేలు కనిపిస్తే ఆ రోజు ఎత్తు మీద పని, బరువు పని ఇవ్వను. స్టోర్‌లో లెక్కలు రాయిస్తా. తిట్టను. తిడితే వచ్చే వారం ఇంకా బాగా దాస్తారు.

మీకు దెబ్బ తగిలితే అదే రోజు డాక్టర్‌కు చూపించి కాగితం తీసుకోండి. మూడు పని దినాల లోపు కంపెనీకి చెప్పాలి. లెదర్ బంతికి కొత్త అయితే ముందు కొన్ని వారాలు మెల్లగా విసిరించుకుని పట్టడం నేర్చుకోండి. చేతులు బిగబట్టకుండా బంతితో పాటు వెనక్కి తేవాలి.

ఇవన్నీ ఆ కుర్రాడికీ చెప్పా. విని, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"ఇంక రెండు నెలలే అన్నా. గప్పుడు లేస్తే పడత."