లెక్కలలో నడచు కర్మాగారము

పొయ్యిమీద పాలు పెట్టిన ఇల్లాలు వానిని కనిపెట్టియే యుండును. పాలు చాలసేపు నిలుకడగా నుండి, పిమ్మట క్షణములో పొంగి పొయ్యిపాలగును. ఆమె మంట తగ్గించియో, చల్లని నీరు చిలుకరించియో ఆ పొంగు నణచును. గిన్నెలోనిది ఆమె కన్నులకు కనబడుచున్నది, చేతికి అందుచున్నది. రసాయన కర్మాగారములోని పాత్ర యట్టిది కాదు. అది వేలకొలది లీటర్లు పట్టును. చుట్టును మందమైన ఉక్కుగోడ. పైన బిగించిన మూత. లోపల జరుగుదానిని తెలుపునవి ఉష్ణమాపకములు, పీడనమాపకములు మాత్రమే. అట్టి పాత్రలో పొంగు వచ్చిన పిదప ఉపాయము వెదకుటకు వ్యవధి యుండదు. కావున అందు ఏది యెప్పుడు జరుగునో ముందే తెలిసికొనుటకు ఇంజనీరులు దానిని మొదట లెక్కలలో నడపి చూతురు. ఇట్లు నడపుటకు అనుకరణమని పేరు. అందుకు ఆధారమైన సమీకరణముల కూర్పునకు గణిత నమూనా యని పేరు.

ఈ నమూనాకు మూలసూత్రము మిక్కిలి సులభమైనది. రైతు తన గాదెకు లెక్క వ్రాసికొనునపుడు, వచ్చిన ధాన్యములోనుండి పోయిన ధాన్యమును తీసివేయగా మిగిలినదే నిలువలో కలిగిన మార్పని యెరుగును. పదార్థము ఊరక పుట్టదు, ఊరక నశింపదు. శక్తికిని ఇదియే నియమము. కర్మాగారములోని ప్రతి పాత్రకును ఇంజనీరు ఇట్టి జమాఖర్చునే వ్రాయును.

ఒక తొట్టిలో 100 లీటర్ల నీరున్నదనుకొనుడు. పైనుండి నిమిషమునకు 20 లీటర్లు వచ్చి పడుచున్నవి. అడుగు గొట్టము గుండ నిమిషమునకు, తొట్టిలోనున్న నీటిలో పదియవ వంతు పోవుచున్నది. మొదటి నిమిషమున 20 వచ్చి 10 పోగా నిలువ 110 లీటర్లగును. రెండవ నిమిషమున 11 పోవును, నిలువ 119. మూడవ నిమిషము ముగియునప్పటికి 127.1. నిలువ పెరిగినకొలది పోవు నీరును పెరుగును గనుక పెరుగుదల క్రమముగా మందగించును. తుదకు నిలువ 200 లీటర్లను సమీపించును. అప్పుడు వచ్చునది 20, పోవునది 20. దీనిని స్థిరస్థితి యందురు. స్థిరస్థితిని కనుగొనుట తేలిక. అచ్చటికి చేరులోపల క్షణక్షణమును ఏమి జరుగునో చెప్పుట కష్టము. కర్మాగారమును నడుప మొదలిడునపుడును, ఆపునపుడును, ఏదేని చెడినపుడును ఈ నడిమి కాలమే ముఖ్యమైనది.

కాలమును ముక్కలుగా ఖండించి ఒక్కొక్క అడుగు వేయు ఈ పద్ధతిని 18వ శతాబ్దమున స్విట్జర్లాండు గణితవేత్త ఆయిలరు తెలిపెను. ఇందొక మెలకువ కలదు. అదే తొట్టికి 20 నిమిషముల కొకసారి లెక్క వేసినచో వచ్చునది 400 లీటర్లు. మొదటి నిలువనుబట్టి పోవునది 200. కనుక నిలువ 300 అని తేలును. మరల లెక్కింపగా వచ్చునది 400, పోవునది 600. నిలువ తిరిగి 100. ఇట్లు లెక్క 100, 300ల నడుమ ఊగులాడుచునే యుండును. నిజమైన తొట్టిలో నీరు 200 లీటర్లు దాటనే దాటదు. అడుగు పెద్దదైనచో లెక్క అబద్ధమాడును. చిన్నదైనచో నిజమునకు దగ్గరగును గాని, చేయవలసిన లెక్కలు వేనవేలగును. అందుచేత ఈ శ్రమను యంత్రమున కప్పగింపవలసి వచ్చెను.

1934లో ఇంగ్లండునందలి మాంచెస్టరు విశ్వవిద్యాలయమున డగ్లస్ హార్ట్రీ, ఆయన శిష్యుడు ఆర్థర్ పోర్టరు, మెకానో అను పిల్లల ఆటవస్తువు భాగములతో ఇట్టి లెక్కలను సాధించు యంత్రమొకటి నిర్మించిరి. 1936లో వారు రసాయన పరిశ్రమకు చెందిన కాలెండరుతో కూడి, ఒక మార్పు కలుగుటకును దానిని సరిదిద్దుటకును నడుమ జరుగు ఆలస్యము ఎట్టి చిక్కులు తెచ్చునో పరిశోధించి ప్రకటించిరి. నేడు కంప్యూటరు అట్టి లెక్కలను రెప్పపాటులో లక్షలకొలది చేయుచున్నది.

నీటికంటె వేడిని లెక్కించుట మరింత అవసరము. కొన్ని రసాయన చర్యలు వేడిని పుట్టించును. పెక్కు చర్యలలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినచో చర్యవేగము సుమారు రెట్టింపగును. అట్టి చర్య యొకటి 60 డిగ్రీలయొద్ద నిమిషమునకు 20 పాళ్ల వేడిని పుట్టించుననుకొనుడు. 70 వద్ద 40 పాళ్లు, 80 వద్ద 80 పాళ్లు పుట్టును. పాత్రచుట్టు పారు నీరు 30 డిగ్రీలది. పాత్రకును నీటికిని గల భేదములో డిగ్రీకి ఒక పాలు చొప్పున అది వేడిని కొనిపోవును. కనుక పోవు వేడి 60 వద్ద 30 పాళ్లు, 70 వద్ద 40, 80 వద్ద 50. 70 డిగ్రీలకు లోపల నీటిదే గెలుపు, పాత్ర చల్లబడును. 70 దాటినచో చర్యదే గెలుపు. వేడి వేడిని పెంచుచు పోవును. కొలదిపాటి తేడాతో అంత మార్పు కలుగును.

ఇది ఊహ మాత్రము కాదు. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున జాక్సన్‌విల్ నగరమందు టీ-2 లాబొరేటరీస్ అను సంస్థ పెట్రోలులో కలుపు మాంగనీసు ద్రవ్యమొకటి తయారుచేయుచుండెను. 174 మార్లు తయారుచేసిన పిమ్మట, 2007 డిసెంబరు 19న 175వ మారు పాత్రను చల్లబరచు ఏర్పాటు పనిచేయలేదు. సుమారు పది నిమిషములలో పాత్ర పేలిపోయెను. నలుగురు మరణించిరి, 32 మంది గాయపడిరి. వారిలో పెక్కుమంది ఇరుగుపొరుగు సంస్థలలో పనిచేయుచున్నవారు. ఈ ప్రమాదమును విచారించిన ప్రభుత్వ మండలి 2009లో కారణములను వెల్లడించినది. చల్లబరచు ఏర్పాటు చెడినచో దానికి మారుగా మరొకటి లేదు. ఉష్ణోగ్రత మితిమీరినపుడు మొదలగు రెండవ తీవ్రచర్యను యజమానులు గుర్తింపలేదు. రసాయన ఇంజనీరింగు విద్యార్థులకు ఇట్టి అపాయములను గూర్చి బోధింపవలెనని ఆ మండలి సూచించెను.

లెక్కలలోని కర్మాగారమున చల్లని నీటిని ఏ నిమిషముననైనను ఆపి చూడవచ్చును. ఎంతసేపటికి అపాయము ముంచుకొనివచ్చునో, లోని ఆవిరి తప్పించుకొనుటకు ఎంత వెడల్పు గొట్టము కావలెనో కనుగొనవచ్చును. నూరుమార్లు చెడగొట్టినను ఒక్క ప్రాణికి హాని కలుగదు. పనివారును ఇట్టి అనుకరణ యంత్రములయెదుట కూర్చుండి, ఆపదలో ఏమి చేయవలెనో అభ్యసింతురు.

అయినను నమూనాకు తెలిసినది మనుష్యుడు తెలిపినంతయే. టీ-2లోని రెండవ చర్యను సమీకరణములలో చేర్చనిచో ఎంత గొప్ప కంప్యూటరైనను దానిని గూర్చి హెచ్చరింపజాలదు. కనుక ఇంజనీరు మొదట ప్రయోగశాలలో కొద్దిపాటి ద్రవ్యమును తీసికొని, అది ఏ ఉష్ణోగ్రతవద్ద ఎంత వేడి నిచ్చునో కొలుచును. పిదప లెక్క వేయును. లెక్క చెప్పినదానిని మరల నిజమైన కొలతలతో సరిచూచును. రెండును కలియనిచో లోపమెచ్చట నున్నదో వెదకును. ఈ ఓపికయే వేలకొలది పనివారి ప్రాణములకును, కర్మాగారముల చుట్టు వసించు ప్రజలకును రక్షణ.