ఏ కుర్రాడు ఏ జట్టుకో? అమెరికాలో ఏటా జోస్యాల జాతర

నారుమడి చూసి ఎకరాకు ఎన్ని బస్తాలు పండుతాయో చెప్పమంటే ఎంత అనుభవం గల రైతైనా తటపటాయిస్తాడు. వాన రావాలి, తెగులు రాకుండా ఉండాలి, గాలివాన తప్పిపోవాలి. అటువంటి లెక్కనే అమెరికాలో ఏటా కొందరు ధైర్యంగా కడతారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళలో ఎవరిని ఏ బేస్‌బాల్ జట్టు తీసుకుంటుందో పేరుపేరునా ముందే ప్రకటిస్తారు. దీన్ని అక్కడ 'మాక్ డ్రాఫ్ట్' అంటారు. అంటే ఊహా జాబితా.

బేస్‌బాల్ మన క్రికెట్‌కు దాయాది వంటి ఆట. గుండ్రటి కర్రతో బంతిని కొట్టి పరుగు తీస్తారు. బంతి విసిరేవాడు పిచర్. అతడు విసిరిన బంతి నేలను తాకకుండా నేరుగా వస్తుంది. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో విసిరే కుర్రాళ్ళకు అక్కడ మహా గిరాకీ.

ఎంపిక ఇలా

ఈ 'డ్రాఫ్ట్' పద్ధతి 1965లో మొదలయింది. డబ్బున్న జట్లే మంచి కుర్రాళ్ళనందరినీ ఎగరేసుకుపోకుండా పెట్టిన కట్టుబాటు ఇది. కిందటేడు బాగా ఓడిన జట్టుకు ముందు అవకాశం ఇస్తారు. 2023 నుంచి మొదటి ఆరు స్థానాలను మాత్రం లాటరీ తీసి నిర్ణయిస్తున్నారు. జట్లు మొత్తం 30. ఒకప్పుడు 40 విడతలు సాగిన ఎంపికను 2021లో 20 విడతలకు కుదించారు. అయినా ఏటా 600 మందికి పైగా కుర్రాళ్ళ పేర్లు పిలుస్తారు.

ఎంపికయిన వెంటనే పెద్ద మైదానంలో ఆడనివ్వరు. కింది తరగతి జట్లలో ఏళ్ళ తరబడి ఆడి ఒక్కో మెట్టూ ఎక్కాలి. చాలామంది మధ్యలోనే ఆగిపోతారు.

జోస్యం వెనుక లెక్కలు

జట్ల తరఫున 'స్కౌట్లు' అనే మనుషులు ఊరూరా తిరిగి బడి పిల్లల, కళాశాల విద్యార్థుల ఆటలు చూస్తారు. వేగం కొలిచే యంత్రం చేతిలో ఉంటుంది. కొట్టడం, బలం, పరుగు, విసురు, బంతి పట్టడం - ఈ అయిదింటికీ 20 నుంచి 80 వరకు మార్కులు వేస్తారు. 50 వస్తే సగటు ఆటగాడి కింద లెక్క.

జోస్యం చెప్పేవారికి ఈ మార్కులు ఒక్కటే చాలవు. ఏ జట్టు పెద్దలు ఏ కుర్రాడి ఆటకు రెండుసార్లు వెళ్ళారు, కుర్రాడు ఎంత అడుగుతున్నాడు, వైద్యుడు ఏమన్నాడు అని కూపీ లాగుతారు. 2012 నుంచి ప్రతి జట్టుకూ ఖర్చు పరిమితి పెట్టారు. ఒకరికి తక్కువ ఇచ్చి, ఆ మిగులుతో ఇంకొకరిని దక్కించుకునే ఎత్తులు అప్పటినుంచి పెరిగాయి. జోస్యాలు తలకిందులయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ఆ ఏడాదే ఇది రుజువయింది. హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు మొదటి ఎంపికగా మార్క్ ఆపెల్ అనే పిచర్‌ను తీసుకుంటుందని చాలామంది చెప్పారు. తీరా ఆ జట్టు పోర్టోరికో కుర్రాడు కార్లోస్ కొరెయాను పిలిచింది. ఆ స్థానానికి కట్టిన వెల 72 లక్షల డాలర్లు. కొరెయా 48 లక్షలకే ఒప్పుకున్నాడు. మిగిలిన సొమ్ము లాన్స్ మెక్‌కల్లర్స్ అనే మరో కుర్రాడిని దక్కించుకోవడానికి పనికొచ్చింది. 2017లో హ్యూస్టన్ ఛాంపియన్ అయినపుడు ఇద్దరూ ఆ జట్టులో ఉన్నారు. ఇక ఆపెల్‌ను మరుసటి ఏడాది అదే హ్యూస్టన్ జట్టు మొదటి ఎంపికగానే తీసుకుంది. కాని గాయాలు వెంటాడాయి. 2018లో ఆట మానేశాడు. మళ్ళీ పట్టుబట్టి వచ్చి, 30 ఏళ్ళ వయసులో, 2022లో ఫిలడెల్ఫియా జట్టు తరఫున పెద్ద మైదానంలో అడుగుపెట్టాడు.

భారతీయ మూలాల కుమార్

ఈ జోస్యాలలో అందరినీ తికమక పెట్టినవాడు కుమార్ రాకర్. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేరు మోసిన ఆటగాడు. తల్లి భారతదేశం నుంచి వలస వెళ్ళిన కుటుంబపు ఆడబిడ్డ. 2019లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడుతూ కుమార్ ఒకే ఆటలో 19 మందిని బంతితోనే అవుట్ చేశాడు. ఎదుటి జట్టుకు ఒక్క 'హిట్' కూడా దక్కలేదు. దాంతో 2021లో మొదటి వరసలో పోతాడని జోస్యాలు వెలువడ్డాయి.

జరిగింది వేరు. పదో స్థానంలో న్యూయార్క్ మెట్స్ పిలిచింది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరింది. వైద్య పరీక్ష తర్వాత సందేహం వచ్చి జట్టు సంతకం చేయకుండా వదిలేసింది. కుమార్ భుజానికి శస్త్రచికిత్స చేయించుకుని, ఓ చిన్న లీగ్‌లో కొద్ది ఆటలు ఆడాడు. 2022లో అతడి పేరు బాగా కిందికి పోతుందనుకున్నారు. టెక్సాస్ రేంజర్స్ ఏకంగా మూడో స్థానంలో పిలిచి జోస్యులను నోరెళ్ళబెట్టేలా చేసింది. ఇచ్చింది 52 లక్షల డాలర్లు. 2023లో మోచేతికి మరో శస్త్రచికిత్స. చివరకు 2024 సెప్టెంబర్‌లో టెక్సాస్ తరఫున పెద్ద మైదానంలో బంతి పట్టాడు.

తాపీ మేస్త్రీ కొడుకు కథ

అందరి కథా ఇలా సుఖాంతం కాదు. నార్త్ కరోలినా సముద్రతీరంలోని చిన్న ఊరికి చెందిన బ్రీన్ టేలర్ తాపీ మేస్త్రీ కొడుకు. 1991లో న్యూయార్క్ యాంకీస్ అతడిని మొదటి స్థానంలో పిలిచింది. జట్టు మొదట చెప్పిన ధరకు తల్లి ఒప్పుకోలేదు. గట్టిగా నిలబడి 15.5 లక్షల డాలర్లు రాబట్టింది. 1993 డిసెంబర్‌లో అన్న కోసం ఓ కొట్లాటలో దూరిన టేలర్‌కు భుజం దెబ్బతింది. ఆ చేతికి మునుపటి జోరు మళ్ళీ రాలేదు. పెద్ద మైదానంలో ఒక్క ఆటయినా ఆడకుండానే అతడి క్రీడా జీవితం ముగిసింది. ఏ స్కౌటు పుస్తకంలోనూ ఇటువంటి రాత్రికి మార్కులు ఉండవు.

చివరివాడే మొదటివాడు

దీనికి తిరగబడ్డ కథలూ ఉన్నాయి. 1988లో మైక్ పియాజాను లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు 62వ విడతలో, 1390వ వాడిగా తీసుకుంది. అదీ అతడి తండ్రి స్నేహితుడైన జట్టు మేనేజర్ టామీ లసోర్డా మాట మీద. ఆ కుర్రాడు 427 హోమ్‌రన్‌లు కొట్టి, 2016లో మేటి ఆటగాళ్ళకిచ్చే 'హాల్ ఆఫ్ ఫేమ్' గౌరవం పొందాడు. 2009లో ఏంజెల్స్ జట్టుకు 24, 25 స్థానాలు వరసగా దక్కాయి. 24వ స్థానంలో వేరే కుర్రాడిని పిలిచి, 25వ స్థానంలో మైక్ ట్రౌట్‌ను తీసుకుంది. తర్వాత ట్రౌట్ మూడుసార్లు తన లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఎంపిక చేసిన జట్టుకే తన చేతికి చిక్కిందేమిటో అప్పటికి తెలియదన్నమాట.

జోస్యం ఏ జట్టు ఎవరిని పిలుస్తుందో చెప్పగలదు. అదీ కొంతవరకే. పిలిచిన తర్వాత ఆ కుర్రాడు ఏమవుతాడో చెప్పడం దాని వల్ల కాదు. ర్యాంకుల జాబితా గోడ మీద అంటించగానే పిల్లవాడి బతుకు తేలిపోయిందనుకునే ఇళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నాయి. జాబితాలో 1390వ పేరు పియాజాది అని అటువంటి ఇళ్ళలో ఎవరైనా ఒక్కసారి చదివి వినిపిస్తే బాగుండును.