పదివేల పాటలు, పిడికెడు పెట్టె

బిట్రగుంట అనగానే పాతతరం వారికి ఇంజను కూత గుర్తుకు వస్తుంది. నెల్లూరుకూ కావలికీ నడుమ, మద్రాసు-బెజవాడ రైలుమార్గం మీద వున్న ఈ వూళ్ళో ఆవిరి ఇంజన్ల రోజుల్లో పెద్ద లోకో షెడ్డు వుండేది. మా మామగారు అక్కడే ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరుగా రిటైరయ్యారు. పగలల్లా బొగ్గుతో కుస్తీ పట్టిన మనిషికి పాటల పిచ్చి యెలా పట్టిందో మాకెవరికీ అర్థం కాదు. మద్రాసు డ్యూటీ పడితే చాలు, సెంట్రలు స్టేషను పక్కనే వున్న మూర్ మార్కెట్టుకు వెళ్ళి పాత రికార్డులు వెతికేవారట. 1985లో ఆ మార్కెట్టు తగలబడిపోయిన రోజున ఆయన అన్నం తినలేదని మా అత్తగారు చెప్పేవారు.

రికార్డుల తరువాత కేసెట్లు వచ్చాయి, ఆపైన సీడీలు వచ్చాయి. మూడు ట్రంకుపెట్టెలు నిండాయి. ఆ మూడు పెట్టెలూ చివరికి అరచేతిలో పట్టే డిస్కులోకి యెలా వెళ్ళాయో, వెళ్ళాక మాకేమి జరిగిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం. పాతకాలపు 78 రికార్డుకు పక్కకొక పాట, అంటే రికార్డుకు రెండు. పదివేల పాటలకు అయిదువేల రికార్డులు కావాలి. ఒక్కొక్కటి సుమారు 200 గ్రాములనుకున్నా మొత్తం టన్ను బరువు! మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు అలాంటి రికార్డులు వేలకు వేలు సేకరించారంటే ఆ శ్రమ యెంతటిదో వూహించుకోండి. ఇవాళ అవే పదివేల పాటలు పట్టే డిస్కు బరువు వొక్క రికార్డంత!

అయితే పాటను డిస్కులో దాచడానికి రెండు పద్ధతులున్నాయి. 1982లో వచ్చిన సీడీ, శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తుంది. నిమిషం పాటకు సుమారు పది మెగాబైట్ల జాగా కావాలి. ఎంపీత్రీ పద్ధతిలో, చెవి అంతగా పట్టించుకోదనుకున్న సన్నని శబ్దాలను తీసిపారేసి పాటను కుదిస్తారు. జాగా బాగా కలిసివస్తుంది గాని, తీసేసినవి తిరిగి రావు. 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతి వేరు. బట్టలు పెట్టెలో కుక్కకుండా మడతపెట్టి సర్దినట్టు, వొక్క అంకె కూడా పోకుండా పాటను ఇంచుమించు సగం జాగాలో సర్దుతుంది. మడత విప్పితే సీడీలో వున్నది వున్నట్టే వస్తుంది. ఈ లెక్కన మూడున్నర నిమిషాల పాటకు సుమారు 20 మెగాబైట్లు, పదివేల పాటలకు 200 గిగాబైట్లు.

ఒక్క మాట. ఎంపీత్రీని తిరిగి ఫ్లాకుగా మార్చితే పోయిన నాణ్యం వస్తుందని కొందరనుకుంటారు. వెన్న తీసిన మజ్జిగను పాలకుండలో పోస్తే పాలవుతాయా?

మా వారు సెలవులన్నీ వెచ్చించి మూడు పెట్టెలనూ ఫ్లాకులోకి ఎక్కించారు. అందులో వొక కేసెట్టు వెల కట్టలేనిది. శ్రావణ శుక్రవారం నాడు మా అత్తగారు పూజగదిలో పాడుకుంటుండగా మామగారు తలుపు చాటున టేపురికార్డరు పెట్టి పట్టిన పాటలవి. ఆవిడ పోయాక ఆ ఇంట్లో మిగిలిన గొంతు అదొక్కటే.

అన్నీ డిస్కులో వున్నాయి గదా అని కేసెట్లను పాతసామాన్ల వాడికి వేసేశాం. ఆ తప్పు మాది, ముఖ్యంగా నాది. అలమారలో చోటు కోసం తొందరపెట్టింది నేనే.

ఆరు నెలలు తిరగకుండానే, పాట మోగుతూ వుండగా డిస్కు తీగ నా కాలికి తగిలి, బల్లమీద నుంచి డిస్కు నేలమీద పడింది. ఇలాంటి డిస్కులో పళ్ళెం గిరగిరా తిరుగుతూ వుంటే, చదివే ముల్లు దానికి తగలకుండా వెంట్రుకలో వెయ్యోవంతుకన్నా తక్కువ యెత్తున తేలుతూ వుంటుందట. పడిన అదురుకు ముల్లు పళ్ళెాన్ని గీరేసింది. బాగుచేసేవారు చూసి పెదవి విరిచారు.

సీడీలు ఇంట్లోనే వున్నాయి గనక వాటిని మళ్ళీ ఎక్కించుకున్నాం. సినిమా పాటలు నలుగురి దగ్గరా దొరుకుతాయి. అత్తగారి గొంతు యెక్కడ దొరుకుతుంది? మామగారు నన్ను వొక్క మాట అనలేదు. అంటేనే బాగుండేది.

నాలుగు రోజులకు సికిందరాబాదు హాస్టలు నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, నానమ్మ పాటలు నా ఫోనులో వున్నాయే! వెళ్ళేటప్పుడు చిన్నవిగా చేసి ఎక్కించుకున్నాను."

పిల్ల పంపిన పాట మోగగానే ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. మామగారు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. తరువాత మెల్లిగా అన్నారు: "గొంతు ఆవిడదే అమ్మాయ్. వెనకాల మన గోడగడియారం టిక్కు టిక్కుమనేది. అది వినపడటం లేదు."

పిల్ల జాగా కోసం పాటను బాగా కుదించింది. కుదింపులో గడియారం పోయింది. గొంతు మిగిలింది.

ఆ రోజునుంచి మా ఇంట్లో కొన్ని నియమాలు పెట్టుకున్నాం. మీకూ పనికివస్తాయేమో చూడండి.

దాచుకునేది వేరు, మోసుకుపోయేది వేరు. పూర్తి ఫ్లాకు ప్రతి ఇంట్లో వుండాలి. ప్రయాణానికి కుదించిన ప్రతి చాలు. మరీ పిండకుండా చేసినా పదివేల పాటలు సుమారు 70 గిగాబైట్లే, గోరంత కార్డులో పడతాయి. కార్డు పోయినా చింత లేదు, మళ్ళీ చేసుకోవచ్చు.

ప్రతులు మూడుండాలి. రెండు ఇంట్లో, రెండు వేర్వేరు డిస్కుల మీద. మూడోది వేరే వూళ్ళో. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలుకట్ట కోసుకుపోయి బళ్ళు ఆగిపోయాయి. అంతటి నీరు ఇంట్లోకి వస్తే రెండు డిస్కులూ కలిసే మునుగుతాయి. మా మూడో ప్రతి సికిందరాబాదులో మా మరిదిగారింట్లో వున్నది.

సముద్రపు గాలి ఇనుమునే తినేస్తుంది. అందుకని డిస్కును గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చే పొట్లాలు వేసి పెట్టండి.

దాచి మరిచిపోకూడదు. ఫ్లాకు ఫైలులో అసలు శబ్దం తాలూకు గుర్తు వొకటి రాసి వుంటుంది. కంప్యూటరు ఆ గుర్తుతో సరిచూసి పాట చెక్కుచెదరలేదో, పాడైందో చెప్పేస్తుంది. ఉగాదికొకసారి, దసరాకొకసారి మేము ఆ పరీక్ష చేస్తాం. రైలు కదిలేముందు ఇంజను చూసుకున్నట్టే అంటారు మామగారు.

అన్నిటికంటె ముఖ్యం, రెండో ప్రతిని పరీక్షించి చూసుకునేదాకా అసలును పారేయవద్దు. ఆ తరువాత కూడా పారేయకపోతే మరీ మంచిది.

ఇప్పుడు మామగారి దిండు పక్కన చిన్న కార్డు వేసిన ప్లేయరు వుంటుంది. అందులో పదివేల పాటలున్నా రాత్రిళ్ళు ఆయన వినేది నాలుగే. గడియారం గోడమీద అలాగే వున్నది. పాట మొదలుపెట్టగానే ఫాను ఆపేస్తారు. ఎందుకో మేము అడగం.

మీ ఇంట్లో కూడా వొకే వొక్కచోట దాగివున్న గొంతు యేదైనా వుంటే, ఈ ఆదివారమే రెండో ప్రతి తీయండి.