ఒక్క అంకెతో తేలని జబ్బు

పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్) అనుమానంతో ల్యాబుకు వెళ్లొచ్చిన అమ్మాయి చేతిలో రెండు మూడు పేజీల రిపోర్టు ఉంటుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్, ఏఎంహెచ్, ఇన్సులిన్. పక్కనే నార్మల్ రేంజి. హద్దు దాటిన అంకెలు ముద్దగా అచ్చయి ఉంటాయి. డాక్టరును కలిసేలోగా ఇంటిల్లిపాదీ ఆ ముద్దక్షరాలు చూసి బెంగపడతారు. వాటిలో ఏ ఒక్క అంకె కూడా ఈ జబ్బును తేల్చలేదని వాళ్లకు ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాల్సింది.

2003లో రాటర్‌డ్యామ్‌లో నిపుణులు కుదుర్చుకున్న ప్రమాణాలనే కొద్ది మార్పులతో ఇవాళ్టికీ వాడుతున్నారు. నెలసరి క్రమం తప్పడం ఒకటి. మగ హార్మోన్లు ఎక్కువైన జాడ ఒంటి మీద గానీ రక్తంలో గానీ ఉండటం రెండోది. స్కానింగులో అండాశయాల నిండా చిన్న చిన్న ఫాలికల్స్ (అండం ఎదిగే సంచులు) కనిపించడం మూడోది. ఈ మూడింటిలో రెండు ఉండి, వేరే జబ్బేదీ లేదని తేలితే పీసీఓఎస్ అంటారు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తూ, గడ్డం మీద వెంట్రుకలు గట్టిగా వస్తున్న అమ్మాయికి టెస్టోస్టిరాన్ నార్మల్‌గా ఉన్నా ఈ జబ్బు ఉండొచ్చు.

అందుకే మొదట చేసే రక్తపరీక్షల్లో చాలావాటి పని వేరే జబ్బులు లేవని చూడటం. థైరాయిడ్ తగ్గినా, ప్రొలాక్టిన్ పెరిగినా నెలసరి తప్పుతుంది. పుట్టుకతో వచ్చే ఒక ఎడ్రినల్ గ్రంథి లోపం అచ్చం పీసీఓఎస్ లాగే కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడానికే 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ పరీక్ష. నెలసరి వచ్చిన తొలి రోజుల్లో, ఉదయం పూట రక్తం ఇవ్వాలి. టెస్టోస్టిరాన్ డెసీలీటరుకు 200 నానోగ్రాములు దాటి, కొద్ది నెలల్లోనే గొంతు బొంగురుపోయి, వెంట్రుకలు వేగంగా పెరుగుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. అండాశయంలోనో ఎడ్రినల్‌లోనో కణితి ఉందేమో వెతకాలి.

టెస్టోస్టిరాన్ గురించి కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. మగవాళ్లలో వందల్లో ఉండే ఈ అంకె ఆడవాళ్లలో పదుల్లోనే ఉంటుంది. అంత తక్కువ మోతాదును మామూలు ల్యాబు యంత్రాలు కచ్చితంగా కొలవలేవు. మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతి నమ్మదగినది. పైగా రక్తంలోని టెస్టోస్టిరాన్‌లో ఎక్కువ భాగం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీనుకూ, ఆల్బుమిన్‌కూ అతుక్కుని ఉంటుంది. విడిగా తిరిగే కొద్ది భాగమే మొటిమలకూ, అవాంఛిత రోమాలకూ కారణం. ఇన్సులిన్ ఎక్కువైతే కాలేయం ఎస్‌హెచ్‌బీజీని తక్కువగా తయారుచేస్తుంది. అదే ఇన్సులిన్ అండాశయాన్ని ఇంకా టెస్టోస్టిరాన్ చేయమని ఉసిగొల్పుతుంది. అలా మొత్తం టెస్టోస్టిరాన్ హద్దుల్లోనే ఉన్నా, విడి భాగం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఎస్‌హెచ్‌బీజీ కూడా చేయించి, రెండింటి నిష్పత్తి లెక్కగడితే అది బయటపడుతుంది.

గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఈ లెక్కంతా తారుమారవుతుంది. అవి ఎస్‌హెచ్‌బీజీని పెంచి, టెస్టోస్టిరాన్‌ను తగ్గించి చూపిస్తాయి. డాక్టరు సలహాతో మాత్రలు ఆపి, కనీసం మూడు నెలలు ఆగి పరీక్ష చేయించాలి. ఆ మధ్యకాలంలో గర్భం వద్దనుకునేవాళ్లు వేరే జాగ్రత్త తీసుకోవాలి. జుట్టు ఊడుతోందని వాడే బయోటిన్ మాత్రల సంగతి కూడా ల్యాబులో చెప్పాలి. కొన్ని యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ను తక్కువగానూ, టెస్టోస్టిరాన్‌ను ఎక్కువగానూ చూపిస్తుంది. జుట్టు కోసమే డాక్టరు దగ్గరకు వచ్చే అమ్మాయిల్లో చాలామంది అప్పటికే ఆ మాత్ర మింగుతుంటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌ల నిష్పత్తి రెండు దాటితే పీసీఓఎస్ అని ఒకప్పుడు అనేవారు. ఇప్పటి ప్రమాణాల్లో దానికి చోటు లేదు. ఏఎంహెచ్‌కు మాత్రం కొత్తగా చోటు దొరికింది. ఎదగకుండా ఆగిపోయిన చిన్న ఫాలికల్స్ నుంచే అది ఎక్కువగా వస్తుంది. అందుకే 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్లలో స్కానింగుకు బదులు ఏఎంహెచ్ చూడొచ్చన్నాయి. రజస్వల అయి ఎనిమిదేళ్లు నిండని పిల్లలకు ఈ రెండూ వద్దన్నాయి. ఆ వయసులో ఫాలికల్స్ ఎక్కువగా ఉండటం సహజం. పదిహేనేళ్ల పిల్లకు స్కానింగు చేయించి, "నీటిబుడగలు ఉన్నాయట" అని రేపటి పెళ్లి గురించి కన్నీళ్లు పెట్టుకునే తల్లులకు ఈ మాట చేరాలి.

ఇక నా అసలు ఆవేదన షుగరు పరీక్ష గురించి. ప్యాకేజీల్లో పరగడుపు ఇన్సులిన్ ఉంటుంది, దాన్నుంచి లెక్కగట్టిన, ఇన్సులిన్ నిరోధకతను అంచనా వేసే హోమా-ఐఆర్ ఉంటుంది. ఇన్సులిన్ కొలత ల్యాబుకూ ల్యాబుకూ మారుతుంది, చికిత్సను పెద్దగా మార్చదు. రోజువారీ వైద్యంలో అది అక్కర్లేదని ఆ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అవి ముందుగా చేయించమన్నది 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష. చాలా రిపోర్టుల్లో కనపడనిది అదే.

ఓపిక కావాల్సిన పరీక్ష అది. రాత్రి భోజనం తర్వాత ఎనిమిది గంటలైనా ఏమీ తినకుండా వెళ్లాలి. ముందు ఒకసారి రక్తం తీస్తారు. గ్లాసు నీళ్లలో కలిపిన గ్లూకోజును అయిదు నిమిషాల్లో తాగెయ్యాలి. వెగటు పుడుతుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది. వాంతి అయితే పరీక్ష మళ్లీ మొదటికి. రెండు గంటలు అక్కడే కూర్చోవాలి. టిఫిన్‌కని బయటికి వెళ్లకూడదు. ఆ తర్వాత రెండోసారి సూది. 140 లోపుంటే మంచిది. 140 నుంచి 199 వరకు షుగరుకు ముందు దశ, 200, ఆపైన ఉంటే మధుమేహం. పరగడుపున 92 వచ్చి నిశ్చింతగా ఉన్న అమ్మాయికి రెండు గంటల తర్వాత 160 రావచ్చు. సన్నగా ఉన్నవాళ్లకూ ఈ పరీక్ష అవసరమే.

కొన్ని నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీతో సరిపెట్టుకోవచ్చు కదా అంటారు. ఇనుము లోపంతో వచ్చే రక్తహీనత ఉంటే ఆ అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల పరిస్థితీ దాదాపు అంతే. కాబట్టి హిమోగ్లోబిన్ చూడకుండా హెచ్‌బీఏ1సీని నమ్మలేం.

ట్రైగ్లిజరైడ్లు 150 దాటడం, మంచి కొలెస్టరాల్ హెచ్‌డీఎల్ 50 కంటే తగ్గడం ఈ జబ్బులో తరచుగా కనిపిస్తాయి. కొవ్వుల పరీక్ష ఒకసారి చేయించి, వచ్చిన ఫలితాన్ని బట్టి మళ్లీ ఎప్పుడన్నది డాక్టరు చెబుతారు. షుగరు పరీక్ష మాత్రం ఏడాది నుంచి మూడేళ్ల లోపు మళ్లీ చేయించాలి. బిడ్డ కావాలనుకుంటే గర్భానికి ముందే గ్లూకోజు తాగి ఈ పరీక్ష చేయించుకోవాలి. అప్పుడు కుదరకపోతే గర్భం వచ్చాక డాక్టరును మొదటిసారి కలిసినప్పుడే చేయించాలి. ఏది ఎలా ఉన్నా 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి తప్పదు.