గాజునార కార్లు

ఖమ్మము దాటి భద్రాచలము వైపు అడవి అంచున ఉన్న పల్లెలలో తడిక గోడలు మనకు కొత్త కావు. వెదురు దబ్బలను తడికగా అల్లి నిలిపి, దానికి ఇరువైపుల మట్టి మెత్తుదురు. తడిక ఒక్కటే అయిన గాలి ఆగదు. మట్టి ఒక్కటే అయిన పగిలి రాలును. రెండును కలిసినపుడే గోడ నిలుచును. ఈ సూత్రముతోనే కారు తొడుగును కూడ చేయవచ్చును. వెదురునకు బదులు సన్నని గాజునార, మట్టికి బదులు రెజిను అను చిక్కని ద్రవము. ఈ రెంటి కూడికయే ఫైబర్‌గ్లాసు.

పెద్ద కర్మాగారములు ఉక్కు రేకును బరువైన అచ్చులలో యంత్రములతో అదిమి తొడుగులు చేయును. ఆ అచ్చులకగు వ్యయము మిక్కిలి ఎక్కువ. కార్లు వేలకొలది అమ్ముడుపోయిన గాని గిట్టదు. కొద్ది కార్లు మాత్రమే చేయదలచిన వారికి ఫైబర్‌గ్లాసు అనుకూలము. అమెరికాలో షెవర్లే సంస్థవారు సైతము 1953లో కార్వెట్ కారును ఈ తొడుగుతోనే ఆరంభించిరి. ఆ యేడు తయారైనవి 300 మాత్రమే.

ఇక ప్రతిరూపము చేయు విధము చూతము. మొదట మాతృకయైన కారును నునుపు చేసి, మైనము పలుమారులు పూయుదురు. మైనము లేనిచో అచ్చు ఊడిరాదు. దానిపై గాజునార పరచి, రెజిను పట్టించి, గట్టిపడిన పిదప ముక్కలుగా విడదీయుదురు. ఇదియే అచ్చు. ఈ అచ్చు లోపల మరల మైనము, దానిపై రంగు కలిపిన పూత, ఆపై నార, రెజిను పొరలు పొరలుగా వేయుదురు. ప్రతి పొరను రోలరుతో ఒత్తి గాలి బుడగలను వెడలగొట్టవలెను. బుడగ మిగిలిన చోట తొడుగు బలహీనమగును. రెజినులో గట్టిపరచు మందును నూటికి ఒకటి రెండు పాళ్లే కలుపుదురు. మన ఖమ్మము ఎండలలో అది మరింత త్వరగా బిగియును గనుక పనివాడు తొందరపడక తప్పదు. గాజు ధూళి, రెజిను ఆవిరి ఆరోగ్యమునకు హానికరములు. ముసుగు, గాలి వెలుతురు అవసరము.

మనకు పొరుగున బెంగుళూరులో సిపానీ వారి చిన్న సంస్థ 1970వ దశకమున బాదల్ అను మూడు చక్రముల కారును ఫైబర్‌గ్లాసు తొడుగుతో చేసినది. 1982లో డాల్ఫిన్ వచ్చినది. ఇంగ్లండులోని రిలయంట్ వారి కిటెన్ కారునకు ఇది భారతీయ రూపము. ఇంజను 848 సి.సి. తుప్పు పట్టని తొడుగు, చితికిన చోట అతుకు వేసికొను సౌలభ్యము దీని గుణములు. కాని 1983 డిసెంబరులో ఉక్కు తొడుగుతో మారుతి 800 వెలువడినది. యంత్రము క్షణములలో అదుము భాగమునకు చేతిపని గంటలు పట్టును. కొద్ది కార్లకు మేలు చేసిన పద్ధతియే వేల కార్ల పోటీలో భారమైనది.

ఈ విద్య నేర్వగోరు మన యువకులు ఒక సంగతి మరువరాదు. అచ్చు ఆకారమును మాత్రమే ఇచ్చును. బండి బలము చట్రములోను, బ్రేకులలోను ఉండును. రిజిస్టరైన వాహనపు రూపమును ఇష్టానుసారము మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము అనుమతింపదు. కావున తొలుత పడవలు, నీటి తొట్లు, బొమ్మలు చేసి చేయి కుదిరించుకొని, అధికారుల ఆమోదము పొందిన పిదపనే రహదారి వాహనమునకు పూనుకొనుట మేలు.